జైలు గేటు బయట: లండన్ ఆశ్రయాల నుంచి స్టువర్టుపురం దాకా

జైలు నుంచి విడుదలైన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడు? చిన్న ప్రశ్నే. కానీ మన చరిత్ర పుస్తకాలు ఎంత తిరగేసినా దీనికి జవాబు దొరకదు. జైలుకు వెళ్ళిన నాయకుల చరిత్ర మనకు బోలెడంత ఉంది. వాళ్ళు జైల్లో కూర్చుని రాసిన గ్రంథాలున్నాయి, బయటికొచ్చిన రోజు మెడలో పడిన దండల ఫోటోలున్నాయి. దొంగతనం కేసులోనో, సారా కేసులోనో, ఊళ్ళో పెద్దమనిషి పెట్టించిన కేసులోనో లోపలికి పోయి, ఆర్నెల్లకో ఆరేళ్ళకో బయటికొచ్చిన మాల, మాదిగ, ఎరుకల, యానాది మనిషికి దండ వేసేవాడు లేడు. గేటు ముందు నిలబడి ఏ బస్సెక్కాలో తేల్చుకోలేని ఆ గంటను ఎవరూ చరిత్ర అనుకోలేదు.

మేము ఈ వ్యాసానికి పూనుకోవడానికి కారణం ఒక రాత్రి ఆశ్రయంలో కలిసిన మనిషి. ఆ పట్నం పేరు, ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళ కోసం మున్సిపాలిటీ వాళ్ళు నడిపే ఒక హాలు అది. ముప్ఫై చాపలు, ఒక ఫ్యాను, గోడకు వరసగా మేకులకు వేలాడే సంచులు. ఆయన జైలు నుంచి వచ్చి నాలుగు నెలలయింది. పగలు కూరగాయల మార్కెట్టులో మూటలు మోస్తున్నాడు. ఆశ్రయంలో అన్నిటికన్నా ఏది ఉపయోగపడింది అని అడిగాం. తిండి అంటాడనుకున్నాం, కప్పు అంటాడనుకున్నాం. "అడ్రసు సార్" అన్నాడు. "ఎవడడిగినా చెప్పుకోను ఒక అడ్రసు దొరికింది. ఇక్కడ తాళం కూడా వెయ్యరు."

ఈ రెండు మాటలూ, అడ్రసూ తాళమూ, మమ్మల్ని నూటనలభై ఏళ్ళ వెనక్కి తీసుకెళ్ళాయి. ఎందుకంటే, జైలు నుంచి వచ్చినవాడికీ ఇల్లు లేనివాడికీ కలిపి ఒకే చోట ఆశ్రయం ఇవ్వాలన్న ఆలోచన ఎక్కడెక్కడో పుట్టి, సముద్రాలు దాటి, చివరికి బాపట్లకీ చీరాలకీ మధ్య రైలు కట్ట పక్కన ఒక ఊరిగా స్థిరపడింది. ఆ ఊరి పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆ ఊరి చరిత్ర తెలిసినవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

మొదలు ఆస్ట్రేలియాలో. 1883లో మెల్‌బోర్న్ నగరంలో రక్షణ సైన్యం వాళ్ళు, అంటే సాల్వేషన్ ఆర్మీ వాళ్ళు, జైలు నుంచి విడుదలయ్యేవాళ్ళ కోసం ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పొద్దున్నే జైలు గేటు దగ్గర నిలబడేవాళ్ళు. బయటికొచ్చినవాణ్ణి పలకరించి, పోయేచోటు లేకపోతే మా ఇంటికి రా అనేవాళ్ళు. దానికి జైలు గేటు దళం అనే పేరొచ్చింది. మరుసటి ఏడాదే లండన్‌లోనూ అటువంటి ఇల్లు వెలిసింది. 1888లో లండన్ రేవు ప్రాంతం లైమ్‌హౌస్‌లో పేదలకు చవగ్గా తిండీ పడకా ఇచ్చే కేంద్రం తెరిచారు. ఆ పడకల గురించి ఎక్కువ ఊహించుకోనక్కర్లేదు. ఒక పెన్నీ ఇస్తే రాత్రంతా బల్ల మీద కూర్చోవచ్చు. నాలుగు పెన్నీలిస్తే శవపేటికలాంటి చెక్కపెట్టెలో కాళ్ళు చాపుకోవచ్చు. అయినా టెమ్స్ నది గట్టున మంచులో పడుకునేవాడికి అది మేలే.

రక్షణ సైన్యం స్థాపకుడు విలియం బూత్ 1890లో ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండు జనాభాలో పదోవంతు మునిగిపోయి ఉన్నారనీ, వాళ్ళను పైకి లాగడానికి మూడు మెట్లు కావాలనీ ఆయన వాదన. మొదట నగరంలో ఆశ్రయం, పని. తర్వాత పల్లెలో వ్యవసాయ క్షేత్రం. ఆ తర్వాత సముద్రం అవతల వలస రాజ్యంలో కొత్త కాలనీ. తాగుబోతులు, నిరుద్యోగులు, జైలు నుంచి వచ్చినవాళ్ళు అందరూ ఈ మెట్లెక్కాలి. 1891లో ఎసెక్స్ జిల్లా హాడ్‌లీ దగ్గర ఆ వ్యవసాయ క్షేత్రం మొదలయింది కూడా.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. లండన్‌లో ఆశ్రయానికి వచ్చినవాడు తనంతట తానుగా వచ్చాడు. ప్రార్థన వినడం ఇష్టం లేకపోతే, సూపు నచ్చకపోతే, లేచి పోవచ్చు. పోతే మళ్ళీ చలిలో పడతాడు. అది వేరే సంగతి. పోయినందుకు మాత్రం పోలీసు పట్టుకోడు. బూత్ పథకంలో దయ ఎంత, దొరతనం ఎంత అన్నది మనం వాదించుకోవచ్చు. కానీ తలుపుకు బయట గొళ్ళెం లేదు.

ఆ గొళ్ళెం మన దేశంలో పడింది.

రక్షణ సైన్యం 1882లో బొంబాయిలో దిగింది. నాయకుడు ఫ్రెడరిక్ టక్కర్ అంతకు ముందు ఐసీఎస్ అధికారి. ఉద్యోగం వదిలేసి కాషాయం కట్టి, చెప్పులు విడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని భిక్షమెత్తాడు. వీధుల్లో ఊరేగింపులు చేసినందుకు ఆ రోజుల్లో ప్రభుత్వం వీళ్ళనే పట్టుకుని జైల్లో వేసింది. పాతికేళ్ళు తిరిగేసరికి కథ మారిపోయింది. 1908లో గోరఖ్‌పూర్‌లో మఘయ డోములను అదుపులో పెట్టే పని అదే ప్రభుత్వం అదే రక్షణ సైన్యానికి అప్పజెప్పింది. డోములు అంటరాని కులం. కాటిపనులు చేసే కులం. నిన్న తాము జైలుకు పోయినవాళ్ళు, ఇవాళ ఇంకొకరి జైలుకు కాపలాదారులయ్యారు. టక్కర్‌కు 1913లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది.

ఈ మార్పును ఒక మనిషి స్వభావం మీదికి నెట్టడం మా ఉద్దేశం కాదు. మధ్యలో ఒక చట్టం ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. తెల్లవాడు రాసిందే అయినా ఆ చట్టం వెనక ఉన్న తర్కం అచ్చంగా మన వర్ణవ్యవస్థదే. వడ్రంగి కొడుకు వడ్రంగి, కంసాలి కొడుకు కంసాలి, కాబట్టి దొంగ కొడుకు దొంగ. ఈ దేశంలో వృత్తి పుట్టుకతో వస్తుంది కాబట్టి నేరం కూడా పుట్టుకతోనే వస్తుందని చట్టం చేసినవాళ్ళు నమ్మారు, నమ్మినట్టు చెప్పారు. మను చెప్పినదానికి పీనల్ కోడు తోడయింది. మొదట ఉత్తరాదిలో అమలు చేసి, 1911లో కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికి తెచ్చారు. ఒక కులాన్నో తెగనో నేరస్త జాతిగా ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైందా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదు. మనిషి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. ఎక్కడికి పోవాలన్నా పాసు కావాలి. కొన్ని నేరాలకు రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్ళు, మూడోసారి పడితే యావజ్జీవం. మొత్తం సమూహాన్ని తీసుకెళ్ళి సెటిల్మెంటులో పెట్టవచ్చు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడుల్లో ఉంచవచ్చు.

మనిషి నేరం చేస్తే జైలుకు పోతాడు, శిక్ష అయిపోతే వస్తాడు అనుకుంటాం. ఈ చట్టం కింద జైలు నుంచి రావడమంటూ లేదు. జైలు నుంచి సెటిల్మెంటుకు వస్తాడు. చాలామంది జైలు మొహం చూడకుండానే సెటిల్మెంటులో పుట్టారు. చేయని నేరానికి శిక్ష, పడని శిక్షకు పునరావాసం!

మరి ఎరుకలవాళ్ళు ఈ జాబితాలోకి ఎట్లా వచ్చారు? ఎరుకల అనగానే మన సాహిత్యంలో సోది చెప్పే ఎరుకలసాని గుర్తొస్తుంది, పోలీసు రికార్డుల్లో దొంగ గుర్తొస్తాడు. ఈ రెంటికీ మధ్య వాళ్ళ అసలు బతుకు కొట్టుకుపోయింది. ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల అనే పేర్లలోనే వాళ్ళ పనులున్నాయి. దబ్బ ఎరుకల వెదురు చీల్చి బుట్టలూ తట్టలూ అల్లేవాళ్ళు. కుంచపురి ఎరుకల సాలెవాళ్ళకు కుంచెలు కట్టి ఇచ్చేవాళ్ళు. ఆ కుంచె లేకపోతే పడుగుకు గంజి పట్టదు, మగ్గం నడవదు. ఉప్పు ఎరుకల సంగతి ఇంకా ముఖ్యం. కోస్తా కయ్యల నుంచి ఉప్పు ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి జిల్లాలకు పోయేవాళ్ళు. తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవాళ్ళు. రోడ్డు లేని ఊరికి ఉప్పు చేర్చింది వాళ్ళే. ఆ రోజుల్లో రాయలసీమ పల్లెలో సంగటి ముద్దకు తగిలిన ఉప్పులో ఎరుకల చెమట ఉంది.

1805లో కుంపినీ మద్రాసు రాష్ట్రంలో ఉప్పు వ్యాపారాన్ని గుత్తకు తీసుకుంది. తర్వాత ఉప్పు మీద పన్ను పెరుగుతూ పోయింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైలొచ్చింది. నలభై ఎద్దులు పది రోజుల్లో మోసేది ఒక పెట్టె ఒక రాత్రిలో మోసింది. 1876-78 కరువులో మనుషులే లక్షల్లో చచ్చారు, ఇక ఎద్దుల సంగతి చెప్పేదేముంది. ఎద్దు చచ్చిన సంచార వర్తకుడు కాళ్ళు విరిగినవాడితో సమానం. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. వెదురు కోస్తే నేరం, మేపితే నేరం. ఇట్లా ఒక్కొక్క దారీ మూసేసి, ఆఖరికి దారి మీద కనిపించినవాణ్ణి అనుమానితుడన్నారు. వీళ్ళలో దొంగతనాలు చేసినవాళ్ళు లేరని మేము అనడం లేదు. ఆ మాట అనాల్సిన అవసరం కూడా లేదు. వడ్డీకిచ్చి ఊళ్ళకు ఊళ్ళు మింగిన కులాలను ఏ రిజిస్టరులోనూ ఎక్కించలేదన్నదే మా మాట.

స్టువర్టుపురం 1913-14 ప్రాంతంలో ఏర్పడింది. మద్రాసు గవర్నరు కౌన్సిలులో సభ్యుడుగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. ఊరికి గ్రామదేవత పేరు కాదు, తాత పేరు కాదు, ఒక అధికారి పేరు. నడిపే బాధ్యత రక్షణ సైన్యానిది. కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ వాళ్ళ సెటిల్మెంటు ఒకటి నడిచింది. అక్కడ రాయి కొట్టే పని. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువాళ్ళు ఇంకొకటి నడిపారు. కప్పరాళ్ళతిప్ప కూడా ఈ చరిత్రలోదే. అంటే మన కోస్తా పొడుగునా ఇట్లాంటి ఊళ్ళు మొలిచాయి.

స్టువర్టుపురంలో వ్యవసాయం చేయించాలన్నది మొదటి ఆలోచన. బూత్ చెప్పిన రెండో మెట్టు, హాడ్‌లీ నమూనా. కానీ ఇచ్చిన భూమిలో చాలా భాగం నీరు నిలిచే పల్లపు భూమి. సంచార వర్తకులకు నాగలిచ్చి, పండని నేలిచ్చి, సోమరులన్నారు. తర్వాత చీరాలలో పొగాకు ఫ్యాక్టరీ వచ్చింది. సెటిల్మెంటు నుంచి ఆడా మగా అక్కడికి కూలికి పోయారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఫ్యాక్టరీకి ఎట్లాంటి కూలీ కావాలి? వేళకు రావాలి, వేరే చోటికి పోకూడదు, ఎదురు మాట్లాడకూడదు. పాసు లేకుండా ఊరు దాటలేని కూలీ కన్నా నమ్మకమైన కూలీ ఇంకెవరు దొరుకుతారు? పని మానేయడం అనేది మామూలు కూలీకి ఆకలి తెచ్చిపెడుతుంది. సెటిల్మెంటు కూలీకి అది కేసు తెచ్చిపెడుతుంది. పరిశోధకురాలు మీనా రాధాకృష్ణ ఈ సంగతులను పాత దస్తావేజుల నుంచి తవ్వి తీశారు. 2001లో వచ్చిన ఆమె పుస్తకం తెలుగు కార్యకర్తలందరూ చదవాల్సింది.

మాకు ఇంకో విషయం చాలా కాలంగా గుచ్చుకుంటూ ఉంది. 1921లో చీరాల-పేరాల ఉద్యమం జరిగింది. మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరు వదిలి రామనగరం అనే పాకల్లో దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. బడిలో మనందరం చదువుకున్నాం, పరీక్షలో రాశాం. గొప్ప త్యాగమే, కాదనం. అదే ఏడాది, అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, ఇంకో జనం తమది కాని పాకల్లో, తాము ఎంచుకోని ఊరిలో హాజరు పలుకుతూ ఉన్నారు. వాళ్ళకు పదకొండు నెలలు కాదు, ముప్ఫై ఏళ్ళ పైన. ఒక పాకల ఊరు పాఠమయింది, ఇంకో పాకల ఊరు సామెత అయింది. ఎవరైనా పిల్లవాడు పెన్సిలు దొంగిలిస్తే "నీది స్టువర్టుపురమా" అని అడిగే పంతుళ్ళు మన బడుల్లో ఉండేవాళ్ళు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రక్షణ సైన్యం అంటే ఈ సెటిల్మెంటు ఒక్కటే కాదు. గుంటూరు, బాపట్ల ప్రాంతాల్లో మాల మాదిగల ఇళ్ళల్లో దాని పేరు వేరే విధంగా వినిపిస్తుంది. నిడుబ్రోలు ఆసుపత్రి, బాపట్ల కుష్ఠురోగుల ఆసుపత్రి, పలక పట్టించిన బడులు. అగ్రహారంలో అడుగు పెట్టనివ్వని కాలంలో వాళ్ళు బెంచీ మీద కూర్చోబెట్టారు. స్టువర్టుపురంలో కూడా ఆ బడుల వల్లే మొదటి చదువరులు వచ్చారు. ఒకే చేయి పలకా ఇచ్చింది, హాజరు పట్టీ కూడా పట్టుకుంది. దాన్ని పూర్తిగా మెచ్చుకునేవాళ్ళూ, పూర్తిగా తిట్టేవాళ్ళూ ఇద్దరూ సగం చరిత్రే చెబుతున్నారు. ఈ వ్యాసం రాస్తున్న మాలో మాకే దీని మీద ఏకాభిప్రాయం కుదరలేదు.

1919-20లో సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన భారత జైళ్ళ కమిటీ పనిచేసింది. శిక్ష ఉద్దేశం సంస్కరణ అని గట్టిగా చెప్పిన నివేదిక అది. విడుదలైన ఖైదీకి సాయం అందించాలని ఆ నివేదికలో ఉంది. క్రిమినల్ ట్రైబ్స్ సెటిల్మెంట్ల గురించి కూడా అదే నివేదికలో ఉంది. మామూలు ఖైదీ విషయంలో విడుదల తర్వాత ఏం చేయాలన్నది సమస్య. ఎరుకల ఖైదీ విషయంలో విడుదలే సమస్య. ఒకే అట్టల మధ్య ఈ రెండు చూపులూ ఇమిడిపోయాయి, ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

అంబేడ్కర్‌కు మాత్రం ఇబ్బంది అనిపించింది. 1948లో వచ్చిన అంటరానివారి పుస్తకానికి రాసిన ముందుమాటలో, హిందూ నాగరికత సృష్టించిన మూడు సమూహాలను ఆయన ఒకే వరసలో నిలబెట్టాడు. నేరస్త జాతులు, ఆదిమ జాతులు, అంటరానివాళ్ళు. కోట్ల మందిని ఇట్లా తయారుచేసినదాన్ని నాగరికత అని ఎట్లా అంటారని నిలదీశాడు. తర్వాత కాలంలో మన ఉద్యమాలు ఈ మూడో పేరును పట్టుకున్నంత గట్టిగా మొదటి పేరును పట్టుకోలేదు. ఎరుకలవాళ్ళు షెడ్యూల్డ్ తెగ, మనం షెడ్యూల్డ్ కులం అని జాబితాల గీతలు మనమే గౌరవించాం. జైలు గేటు దగ్గర ఆ గీత ఉండదు.

మద్రాసు రాష్ట్రంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే విముక్త జాతులు ఆ రోజును తమ విముక్తి దినంగా జరుపుకుంటారు. మన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన 1949లో వేసిన కమిటీ ఆ రద్దును సిఫారసు చేసింది, దాని బదులు అలవాటు నేరస్తుల చట్టం తెమ్మని కూడా సిఫారసు చేసింది. మద్రాసు 1948లోనే అటువంటి చట్టం చేసుకుంది. ఆంధ్రప్రదేశ్ 1962లో చేసింది. జాతి అన్న మాట తీసి అలవాటు అన్న మాట పెట్టారు. స్టేషనులో ఉన్న పాత రిజిస్టరు పేజీలు మాత్రం ఎవరూ చింపలేదు. ఈ చట్టాలను ఎత్తేయమని 2007లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ మన ప్రభుత్వాన్ని అడిగింది.

కంచె తీసేసిన తర్వాత స్టువర్టుపురం మనిషికి దొరికింది ఏమిటి? ఇంటి అడ్రసు. అయితే అది పని ఇప్పించే అడ్రసు కాదు, పని పోగొట్టే అడ్రసు. ఎక్కడో దొంగతనం జరిగితే పోలీసు జీపు వచ్చి ఆగే అడ్రసు. మా ఆశ్రయం మిత్రుడికి అడ్రసు లేకపోవడం శాపమైతే, వీళ్ళకు అడ్రసు ఉండటం శాపం. 1991లో ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ఆ ఊరి మనిషి ఒకడి పేరుతో ఇంకో సినిమా వచ్చింది. టిక్కెట్టు కొన్నవాళ్ళలో ఎంతమంది ఆ ఊరి రైల్వేస్టేషనులో దిగి ఉంటారు?

1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు అక్కడికి వెళ్ళారు. హేమలత గుర్రం జాషువా కూతురు. లవణం విజయవాడ నాస్తిక కేంద్రం గోరా కొడుకు. వాళ్ళ సంస్కార్ సంస్థ స్టువర్టుపురంలోనూ కప్పరాళ్ళతిప్ప లాంటి పాత సెటిల్మెంట్లలోనూ నేరం మానేసి బతకాలనుకునేవాళ్ళ మధ్య పనిచేసింది. 2008లో హేమలత, 2015లో లవణం చనిపోయారు. ఈ పని గురించి మన పత్రికల్లో రావాల్సినంత చర్చ రాలేదు. సంస్కరణ అన్న మాట మీద మాకు అనుమానాలున్నాయి. సంస్కరించాల్సింది ఎరుకలవాణ్ణా, పోలీసు స్టేషన్నా? అయినా ఒక తేడా కళ్ళకు కనిపిస్తుంది. దళిత కవి ఇంట్లో, అవమానం అంటే ఏమిటో చూస్తూ పెరిగిన ఆడమనిషి, ఏ రిజిస్టరూ చేతిలో లేకుండా ఆ గుమ్మాల్లోకి పోయి కూర్చుంది. లోపలికి రమ్మనడం, రావద్దనడం ఆ ఇంటివాళ్ళ చేతిలో ఉంది. 1883 నాటి మెల్‌బోర్న్ ఇంటికీ దీనికీ ఉన్న పోలిక అది. 1914కి లేని పోలిక.

అదే చీరాలకు 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చారు. శిబిరంలో తలదాచుకున్నారు. ఆ శిబిరాన్ని దాక్కునే చోటుగా కాక పోరాడే చోటుగా మార్చుకున్నారు. వెనక్కి పోం అన్నారు, చీరాలలోనే కొత్త కాలనీ కట్టుకున్నారు. అది జైలు కథ కాదు, అందుకని ఇక్కడ ఎక్కువ రాయం. కానీ ఆశ్రయం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఆ ఊళ్ళోనే రెండు జవాబులున్నాయని గుర్తు చేయడానికి రాస్తున్నాం.

ఇక ఇప్పటి సంగతి. 2022 చివరికి దేశం మొత్తం మీద జైళ్ళలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. నూటికి 75 మంది పైనే. వీళ్ళలో బెయిలు వచ్చి కూడా బయటికి రాలేనివాళ్ళున్నారు. జామీను ఇచ్చేవాడు లేక, చూపించడానికి ఇల్లు లేక. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. బెయిలుకు పదివేల జామీను అడిగారు. సోదరుడు ముందుకొస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తరువును కొట్టేస్తూ పేదవాడికి బెయిలు అందకుండా పోతున్న తీరును దులిపేశాడు. ఇప్పటికీ మేజిస్ట్రేటు కోర్టుల్లో మొదటి ప్రశ్న అదే. ఎక్కడుంటావు?

ఇల్లు లేనివాళ్ళు 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 17 లక్షల 70 వేల పైన. ఢిల్లీలో చలికాలం మధ్యలో ఒక ఆశ్రయాన్ని కూల్చేసిన తర్వాత, 2010లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం, ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ నడవాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషనులో ఆశ్రయాలకు ఒక భాగం పెట్టారు. మేము చూసిన హాలు ఆ చరిత్రలోంచి వచ్చిందే. అంటే జైలు శాఖ పెట్టింది కాదు, మిషను పెట్టింది కాదు. బతికే హక్కు కింద అడిగి తెచ్చుకున్నది.

అది నిలబడుతుందా అంటే చెప్పలేం. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వస్తుందని రోడ్ల మీద బిచ్చం ఎత్తడాన్ని పోలీసులు నిషేధించారు. పట్టుకున్నవాళ్ళను ఎక్కడ పెట్టారు? చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లో. దానికి ఆనందాశ్రమం అని పేరు. ఏ నేరమూ చేయని, ఇల్లు మాత్రమే లేని మనిషికి జైలు గోడల పక్కన ఆశ్రయం. స్టువర్టుపురం పుట్టిన నూరేళ్ళ తర్వాత ఇది జరిగింది, తెల్లవాడు పోయిన డెబ్బై ఏళ్ళకు జరిగింది. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు అక్కడ అమల్లో ఉన్న భిక్షాటన చట్టంలో చాలా సెక్షన్లు చెల్లవని కొట్టేసింది. మన దగ్గర 1977 నాటి చట్టం పుస్తకంలో ఇంకా ఉంది.

2024 అక్టోబరు 3న సుకన్యా శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జైళ్ళలో కులం చూసి పని పంచే నిబంధనలు చెల్లవన్నది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమన్నది. సంచార జాతులనూ విముక్త జాతులనూ పుట్టు నేరస్తులుగా చూసే వాక్యాలు కొన్ని రాష్ట్రాల జైలు నిబంధనల్లో అప్పటిదాకా బతికే ఉన్నాయని ఆ తీర్పు చదివితేగాని చాలామందికి తెలియలేదు. 1952లో రద్దయిన మాటలు 2024 దాకా లోపల కాపురం చేశాయన్నమాట.

మళ్ళీ ఆ హాలు దగ్గరికి వద్దాం. అక్కడ గుమ్మం పక్కన ఒక రిజిస్టరు ఉంది. రాత్రి వచ్చినవాళ్ళు పేరు, వయసు, వచ్చిన వేళ రాసి వేలిముద్ర వేయాలి. మేము ఆ పుస్తకం తిరగేస్తుంటే మా మిత్రుడు పక్కనే నిలబడ్డాడు. పోలీసులు వచ్చి ఎప్పుడైనా ఇది అడుగుతారా అని నిర్వాహకుణ్ణి అడిగాం. "దగ్గర్లో ఏదన్నా దొంగతనం అయితే వస్తారండీ" అన్నాడాయన. ఇస్తారా అంటే కాసేపు మాట్లాడలేదు. "కాగితం తెమ్మంటాను. ఒక్కోసారి తెస్తారు, ఒక్కోసారి తేకుండా తీసుకుపోతారు."

మా మిత్రుడి కేసు వాయిదా ఆ తర్వాతి వారం ఉంది. ఆశ్రయం వాళ్ళు లెటర్‌హెడ్డు మీద, ఈ మనిషి ఫలానా తారీఖు నుంచి ఇక్కడ ఉంటున్నాడు అని రాసిచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవరులో వేసి, మేకుకున్న సంచిలో అడుగున పెట్టుకున్నాడు. మేజిస్ట్రేటు దాన్ని అడ్రసుగా ఒప్పుకుంటాడా అని మమ్మల్ని అడిగాడు. మాతో వచ్చిన న్యాయవాది మిత్రుడు ఒప్పుకోవాలి అన్నాడు. "ఒప్పుకోవాలి కాదన్నా, ఒప్పుకుంటాడా?" అని మళ్ళీ అడిగాడు.